బ్రెడ్డు తినొద్దనే బేకరీ మాస్టరు

మా తమ్ముడిలో వింత ఒక్కటే. బేకరీ నడుపుతూ, పొద్దున లేచింది మొదలు బ్రెడ్డు కాలుస్తూ, ఆ బ్రెడ్డు కొనడానికి వచ్చినవాళ్ళకి బ్రెడ్డు తినొద్దని చెబుతాడు. చెప్పి ఊరుకోడు. ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టి, బాదంపప్పులు తీసి వాళ్ళ అరచేతిలో పోస్తాడు. "ముందు ఇవి నమలండి, తర్వాత మాట్లాడదాం" అంటాడు. వాళ్ళు నమలడం పూర్తయ్యేసరికి సగం ఆకలి చచ్చి, వచ్చిన పని మర్చిపోయి, ఖాళీ సంచి ఊపుకుంటూ వెళ్ళిపోతారు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇదంతా చూసేవాణ్ణి నేను. చూసి చూసి అలిసిపోయినవాణ్ణి కూడా నేనే.

ఈ బేకరీ పెట్టింది నేను. అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ణి. ఆ చదువుతోనే ఈ వీధిలో మొదటి భట్టీ కట్టించాను. పెద్దాసుపత్రిలో రోగులకి పంచే బ్రెడ్డు ఒకప్పుడు మా దగ్గర్నుంచే వెళ్ళేది. పురపాలక సంఘం పెట్టిన పోటీలో మా బన్నుకి వెండి కప్పు వచ్చింది. అది అద్దాల బీరువాలో ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. చూడటానికి రాని వాళ్ళకి నేనే చూపిస్తాను. నేను విరిచి నోట్లో పెట్టుకుని తల ఊపనిదే ఒక్క బ్రెడ్డు కూడా మా గుమ్మం దాటేది కాదు. ఇంత చరిత్ర ఉన్న బేకరీలో, ఆ చరిత్ర రాసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, సొంత తమ్ముడు కౌంటరు మీద చెయ్యి వేసి "మైదా అంత దుర్మార్గం ఇంకోటి లేదు" అంటుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకిప్పుడు ఓపిక లేదు. మీరే ఊహించుకోండి.

వాడికి ఈ జ్ఞానం ఫోన్లో వచ్చింది. ఎవరో ఒకాయన తెల్లకోటు వేసుకుని చెప్పాడట: పిండిపదార్థాలు తగ్గించు, కొవ్వు పెంచు. అన్నం, బ్రెడ్డు, పంచదార పక్కన పెట్టు. గుడ్లు, వెన్న, గింజలు దగ్గరికి తీసుకో. కొవ్వు తింటే కడుపు నిండుగా ఉంటుంది, ఊరికే ఆకలి వెయ్యదు. అంతే. మర్నాటికల్లా మా ఇంట్లో డబ్బాలన్నీ గింజలతో నిండిపోయాయి. మా మరదలు, అంటే వాడి భార్య, టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"బావగారూ, పంచదార డబ్బాలో మీ తమ్ముడు అక్రోట్లు పోశారు."

"అయితే?"

"చూసుకోకుండా టీలో వేశాను. ఎంత కలిపినా కరగట్లేదు."

ఆ ఇంట్లో నవ్వే ఓపిక అప్పటికి ఆవిడకీ లేదు, నాకూ లేదు.

గింజల్లో మళ్ళీ వాడికి పెద్దా చిన్నా తేడాలున్నాయి. అక్రోటు పెద్దమనిషి. పిండి తక్కువ, కొవ్వు ఎక్కువ, ఎక్కడ కూర్చోబెట్టినా మర్యాదగా ఉంటుంది. బాదం నమ్మకస్తుడు. పిస్తా మంచిదే గానీ కొంచెం షోకు ఎక్కువ. జీడిపప్పు దగ్గరికి వచ్చేసరికి వాడి మొహం ముడుచుకుపోతుంది. "పైకి తియ్యగా మాట్లాడి లోపల పిండి దాచుకుంటుంది అన్నయ్యా. మన మనిషి కాదు." వేరుశనగని అసలు గింజల లెక్కలోకే రానివ్వడు. "అది చిక్కుడువాళ్ళ బంధువు. పిలవని పెళ్ళికి వచ్చి ముందు వరసలో కూర్చుంది" అంటాడు. పంచదార పూసిన బాదంపప్పు చూస్తే, చెడుసావాసంలో పడిన పిల్లవాణ్ణి చూసినట్టు తల పట్టుకుంటాడు.

ఎంత తినాలని ఎవరైనా అడిగితే "గుప్పెడు" అంటాడు. ఎవరి గుప్పెడు వాళ్ళకి కొలత. వినడానికి బాగానే ఉంది. మా వీధి చివర లారీలు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. అతను గుప్పెడు పట్టాడంటే డబ్బా అడుగు కనిపిస్తుంది.

"ఇది గుప్పెడా!" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"నా గుప్పెడు ఇంతే పెద్దాయనా, ఏం చెయ్యమంటారు?" అన్నాడు మెకానిక్ నిండు నోటితో.

"దేవుడిచ్చిన కొలత అన్నయ్యా, మనం కాదనకూడదు" అన్నాడు మా వాడు, అతనికే ఇంకో గుప్పెడు ఇస్తూ.

పోస్ట్‌మాన్ సంగతి ఇంకా ఘోరం. పాపం, రోజూ ఉత్తరాలు ఇచ్చి ఒక బ్రెడ్డు పట్టుకెళ్ళడం ఆయన అలవాటు.

"మాస్టరూ, ఓ బ్రెడ్డు ఇవ్వండి."

"ఎందుకు?"

"ఎందుకేంటి మాస్టరూ, తినడానికి."

"ముందు ఇవి నమలండి, తర్వాత మాట్లాడదాం."

"ఇవేంటి?"

"అక్రోట్లు. చూశారా, అచ్చం మెదడు ఆకారం."

"నాకు మెదడు వద్దు మాస్టరూ, బ్రెడ్డు కావాలి."

"మెదడు పనిచేస్తే బ్రెడ్డు అడగరు. నమలండి."

నమిలాడు. నిలబడి, సంచి దించుకోకుండానే, పళ్ళు నొప్పి పెడుతున్నట్టు మూలుగుతూ నమిలాడు. బ్రెడ్డు లేకుండానే వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆయన ఓపిక చూస్తే నా ఓపిక మీద నాకే అనుమానం వచ్చేది.

ఇక కేకులు. మా కేకు మీద బాదంపప్పులు పువ్వులా పేర్చడం నా రోజుల నుంచీ ఉన్న పద్ధతి. వాడు ఆ పువ్వు పేర్చకుండా ఉండలేడు, చెయ్యి అలవాటైపోయింది. పేర్చాక తియ్యకుండానూ ఉండలేడు. అందుకని మా కేకుల మీద పప్పులుండవు, పప్పుల గుంటలుంటాయి. స్కూలు టీచరమ్మ డబ్బా తెరిచి చూసి అడిగింది.

"మాస్టరుగారూ, దీని మీద బాదంపప్పులు ఉండాలి కదా?"

"ఉన్నాయమ్మా. విడిగా పొట్లం కట్టాను. అవి మీరు తినండి. కేకు ఎవరికి?"

"మా హెడ్‌మాస్టరుగారి పుట్టినరోజు."

"మీ ఇద్దరికీ పడుతుందా?"

"అంతగా పడదు."

"అయితే కేకు ఆయనకే మొత్తం పెట్టండి."

నేను గల్లాపెట్టె మీద తల వాల్చి కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నా తెరిచినా ఆ రోజుల్లో నాకు పెద్ద తేడా ఉండేది కాదు. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఒకటి మసక, రెండోది దానికి తోడు. భట్టీలోంచి ట్రే బయటికి తీస్తే బ్రెడ్డు పైన కాలిన పెచ్చు బంగారు రంగులో ఉందో, మాడిందో తెలియదు. అది చూసి చెప్పే కన్ను ఈ వీధిలో నాదొక్కటే అని పేరు. ఆ పేరు మోస్తూ, ఏమీ కనపడకపోయినా "ఊఁ, బాగుంది" అనేవాణ్ణి. ఒకరోజు మూలన నిలబడిన తమ్ముణ్ణి పట్టుకుని, వాడు చేస్తున్న నిర్వాకం మీద చాలాసేపు తిట్టాను. ఎంత తిట్టినా ఎదురు చెప్పడం లేదని కాస్త మెత్తబడుతుండగా వాడి గొంతు నా వెనక నుంచి వినిపించింది.

"అన్నయ్యా, నువ్వు మైదా బస్తాతో మాట్లాడుతున్నావు."

"నాకు తెలుసు" అన్నాను.

"అది జవాబు చెప్పదు. షుగరు పెంచుతుంది, అంతే."

ఈ గింజల గోల మొదలవడానికి కాస్త ముందు, కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి మా ఆవిడే నన్ను తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కళ్ళలోకి లైటు వేసి చూసింది, రక్తపరీక్ష కాగితం చూసింది, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది పెద్దాయనా. కానీ షుగరు ఇలా ఉండగా నేను చెయ్యను. ముందు అది దించుకుని రండి."

"మాత్రలు వేసుకుంటూనే ఉన్నానమ్మా."

"మాత్రలతో పాటు ఇంకేం వేసుకుంటున్నారు?"

మా ఆవిడ అందుకుంది. "నేను చెబుతానండీ. పొద్దున్నే వేడి బ్రెడ్డు. దాని మీద వెన్న, వెన్న మీద పంచదార. ఆ తర్వాత బన్ను. బన్ను తర్వాత బిస్కెట్లు. కేకు ఉంటే కేకు. అప్పుడు ఇంటికొచ్చి, ఆకలేస్తోంది ఏదైనా పెట్టమంటారు."

"అది తినడం కాదు, పరీక్షించడం" అన్నాను.

"పరీక్షించింది ఎక్కడికి పోతోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

చదువుకున్నవాళ్ళతో వాదన పెట్టుకోకూడదని ఊరుకున్నాను. ఆవిడ మాత్రం కచ్చితంగా చెప్పేసింది. షుగరు దిగకపోతే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే ఉన్న కాస్త చూపు కూడా పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ దారంతా నా చెయ్యి పట్టుకుని నడిచింది. నేనే అన్నాను, పొద్దున పరీక్ష ఆపడం మాత్రం కుదరదని. అది మానేస్తే ఇక నేనెందుకు అక్కడ కూర్చోవడం? గల్లాపెట్టెకి తాళం వేసినా పని జరిగిపోతుంది.

సరిగ్గా ఆ వారమే మా వాడికి గింజల పిచ్చి మొదలైంది. ఒక ఇంట్లో ఒక మనిషికి చూపు పోతుంటే ఇంకో మనిషికి మతి పోవడం మా ప్రారబ్ధం అనుకున్నాను.

ఒక పొద్దున వాడు నా ముందు ఒక పళ్ళెం పెట్టి నిలబడ్డాడు.

"అన్నయ్యా, నీతో పని పడింది."

"చెప్పు."

"బ్రెడ్డు చేశాను. మైదా లేదు, పంచదార లేదు. బాదం పిండి, గుడ్లు, వెన్న, కాసిని అక్రోట్ల ముక్కలు."

"దాన్ని బ్రెడ్డు అనకు. బ్రెడ్డు వింటే బాధపడుతుంది."

"నిన్ను తినమనడం లేదు. పరీక్షించమంటున్నాను. ఈ వీధిలో నాలుక అంటే నీదే కదా."

ఆ మాటలో తప్పేమీ లేదు, ఉన్న విషయమే చెప్పాడు. ముక్క విరిచాను. విరగలేదు. రెండు చేతులతో విరిచాను.

"ఇటుక" అన్నాను.

"ఏం తక్కువైందంటావు?"

చాలా కాలమైంది నన్నెవరైనా అలా అడిగి. చెప్పాను. గుడ్డు సరిగ్గా గిలక్కొట్టలేదు, తెల్లసొన నురగ వచ్చి గరిట మీద నిలబడాలి. బాదం పిండి జల్లెడ పట్టలేదు. మైదా సాగినట్టు ఇది సాగదు కాబట్టి దీన్ని పిసకకూడదు, ఊరికే కలపాలి. చెబుతూ చెబుతూ, ఎక్కడ ఏం తేడా వచ్చిందో చూడటానికి ఇంకో ముక్క, ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాను. వాడు చేతులు కట్టుకుని విన్నాడు.

"రేపు మళ్ళీ చేస్తాను. కానీ ఒకటి అన్నయ్యా. పరీక్షకి ముందు నోట్లో తీపి పడితే నాలుక మొద్దుబారుతుంది. ఇది నాకు నేర్పింది నువ్వే."

"నేనే."

"అందుకని ముందు దీని సంగతి చూడు. మామూలు బ్రెడ్డు తర్వాత."

"అంతవరకూ మామూలు బ్రెడ్డు ఎవరు చూస్తారు? పరీక్షించకుండా గుమ్మం దాటకూడదు. నువ్వు తినవు కదా?"

"నేను తినను. వాసన చూస్తాను."

"వాసన సరిపోతుందా?"

"నీ తమ్ముణ్ణి కదా, సరిపోతుంది."

ఆ రోజు నుంచి నా బతుకు ఆ బాదం బ్రెడ్డుకి అంకితమైపోయింది. రెండో రోజు నురగ బాగా వచ్చింది, ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు. మర్నాడు ఉప్పు వేశాడు, అడుగు మాడ్చాడు. ఆ మర్నాడు అడుగు బాగుంది, లోపల పచ్చిగా ఉంది. ఇంకో రోజు అంతా బాగుంది అనుకుంటే అక్రోట్ల పెంకు ముక్క ఒకటి పంటికి తగిలింది. ఇలాంటి పొరపాట్లు నా దగ్గర పని నేర్చుకున్న మొదటి వారంలో కూడా వాడు చెయ్యలేదు. పైగా అది తింటే కడుపు రాయి పెట్టినట్టు నిండిపోయేది. తర్వాత బన్ను చూసినా చెయ్యి లేచేది కాదు. ఇంటికెళితే అన్నం సగానికి సగం వదిలేసేవాణ్ణి.

"ఈ రోజు ఎలా ఉంది?" అని అడిగేది మా ఆవిడ.

"దరిద్రంగా ఉంది."

"మరి పళ్ళెం ఖాళీ అయిందే?"

"ఎక్కడ దరిద్రంగా ఉందో తెలియొద్దూ?"

నెలలు గడిచాయి. నాకు విసుగొచ్చేసింది. రోజూ అదే పళ్ళెం, అదే మొహం, అదే ప్రశ్న: ఏం తక్కువైందంటావు? ఒక్కసారి మాత్రం నోట్లో పెట్టుకోగానే కుర్చీలోంచి లేచాను. మెత్తగా ఉంది, కమ్మగా ఉంది, వెన్న వాసన, మధ్యలో అక్రోటు కరకర. "ఒరేయ్, వచ్చిందిరా! ఇదిరా పద్ధతి! రేపు ఇలాగే చెయ్యి, దీనికి కప్పు వస్తుంది!" అన్నాను. వాడు సంతోషిస్తాడనుకుంటే నీళ్ళు నమిలాడు. మర్నాడు తెచ్చినది, మొదటి రోజు ఇటుకని గౌరవంగా తలచుకునేలా ఉంది.

"నీకు చెయ్యి పోయిందిరా" అన్నాను అలిసిపోయి. "నాకు కళ్ళు, నీకు చెయ్యి. ఇక ఈ బేకరీకి దండం పెట్టి ఇంట్లో కూర్చుందాం."

వాడు తల వంచుకున్నాడు. "ఇంకొన్ని రోజులు చూడు అన్నయ్యా" అన్నాడు. వాడి గొంతులో ఏదో దిగులు వినిపించింది. అది ఇటుక గురించి కాబోలు అనుకున్నాను.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. ఈసారి వాడూ వచ్చాడు. ఇక్కడ కాదంటే ఇక పరీక్షలకి తిరిగే ఓపిక నాకు లేదని, మసకలోనే బతికేద్దామని లోపల నిర్ణయం చేసుకున్నాను. డాక్టరమ్మ కాగితం చూసింది. మళ్ళీ చూసింది.

"దిగింది పెద్దాయనా! బాగా దిగింది. ఏం చేశారు?"

"క్రమశిక్షణ అమ్మా" అన్నాను. "మాది ఒకే గది బడి. మా మాస్టరు చింతబరికె పట్టుకుని నేర్పిన క్రమశిక్షణ. ఈ వీధిలో మొదటి భట్టీ కట్టినప్పుడు కూడా..."

"ఆపరేషన్ పెట్టుకుందాం" అంది ఆవిడ, భట్టీ కథ మొదలుకాకముందే. "మాత్రలు మాత్రం ఆపకండి. ఇంతకీ ఏం తింటున్నారు?"

"నేను ఏమీ తినడం లేదు. ఊరికే ఒక బాదం బ్రెడ్డు పరీక్షిస్తున్నాను. అదీ కుదిరి చావడం లేదు."

మా వాడు ఆవిడ బల్ల మీద పొట్లం పెట్టాడు. "ముందు ఇవి నమలండి డాక్టరుగారూ."

"ఇదేంటి?"

"తీసుకోమ్మా" అన్నాను. "నమిలిందాకా వదలడు."

ఆపరేషన్ అయింది. రెండో కన్ను కూడా అయిన తర్వాత ఒక ఉదయం నల్లద్దాలు పెట్టుకుని బేకరీకి వచ్చాను. నా కుర్చీలో కూర్చుని అద్దాలు తీశాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ట్రేలో బ్రెడ్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని పెచ్చు మీద మెరుపు, అంచు దగ్గర కాస్త ముదురు రంగు, పగులు దగ్గర లేత పసుపు. ఇవన్నీ ఉన్నాయని మర్చిపోయాను. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత మా తమ్ముణ్ణి చూశాను.

వాడు భట్టీ దగ్గర అటు తిరిగి ఉన్నాడు. ఏప్రాన్ నాడాలు వెనక్కి అందక, పక్కన ఒక పిన్నీసుతో పట్టించి ఉన్నాయి. ఇటు తిరిగాడు. ముందు పొట్ట తిరిగింది, తర్వాత వాడు తిరిగాడు. బుగ్గలు ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. మీసం మీద బంగారు రంగు పొట్టు అంటుకుని ఉంది. బాదం పొట్టు కాదు. బ్రెడ్డు పెచ్చు పొట్టు. ఆ రంగు నాకు తెలుసు.

"ఒరేయ్" అన్నాను. "ఇదేంటిరా?"

"ఏది అన్నయ్యా?"

"ఈ పొట్ట!"

వాడు కిందికి చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. "కొవ్వు అన్నయ్యా. కొవ్వు తింటున్నాను కదా, కొవ్వు వచ్చింది."

"కొవ్వు తింటే ఒళ్ళు తగ్గుతుందని వీధంతా చాటింపు వేశావే?"

"అది... అందరి ఒంటికీ ఒకలా పనిచెయ్యదు" అని, భట్టీ పిలిచినట్టు అటు వెళ్ళిపోయాడు.

మా మరదలు కౌంటరు తుడుస్తోంది. మా ఆవిడ బిస్కెట్లు డబ్బాల్లో సర్దుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు కూడా నాకిప్పుడు కనపడుతోంది.

"ఏంటి సంగతి?" అన్నాను.

"ఇక చెప్పేస్తాను అక్కా, నా వల్ల కాదు" అంది మరదలు గుడ్డ కింద పడేసి. "బావగారూ, పరీక్షించకుండా బ్రెడ్డు గుమ్మం దాటితే మీ పేరు పోతుందని, ఇన్నాళ్ళూ మీ బదులు ఆయన తింటున్నారు. బ్రెడ్డు, బన్ను, బిస్కెట్టు, అన్నీ. బస్తాల వెనక కూర్చుని."

"వాసన చూస్తానన్నాడే!"

"చూశారు. నోటితో."

"మరి ఆ బాదం బ్రెడ్డు? రోజూ అంత ఘోరంగా ఎందుకు చేసేవాడు?"

"అది కుదిరిన రోజున మీరు బాగుంది అనేసి మళ్ళీ బన్ను అందుకుంటారని భయం. ఒకసారి పొరపాటున కుదిరిపోయింది, మీరు కప్పు వస్తుందన్నారు చూడండి, ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు. మంచి పనివాడికి చెడ్డగా చెయ్యడం ఎంత కష్టమో మీకేం తెలుసు? ఈ రోజు ఏం చెడగొట్టాలా అని లేస్తూనే ఆలోచన. ఆ పెంకు ముక్క ఐడియా నాదే."

"వీధిలోవాళ్ళందరినీ పట్టుకుని ఆ నమిలించడం ఎందుకమ్మా మరి?"

ఈసారి మా ఆవిడ మాట్లాడింది. "మీ ఒక్కరికే చెబితే వినే రకమా మీరు? డాక్టరు చెబితేనే వినలేదు. వీధంతటికీ చెబితే మీకు చెప్పినట్టు ఉండదు కదా అన్నాడు మీ తమ్ముడు."

"అయితే ఇది మీ అందరికీ తెలుసు."

"మెకానిక్‌కి తెలుసు. టీచరమ్మకి తెలుసు. పోస్ట్‌మాన్‌కి అక్రోట్లు అసలు పడవు, పాపం, మీ ఎదురుగా నమిలేసి బ్రెడ్డు పక్క సందులోంచి పట్టుకెళ్ళేవాడు. మీకే కనపడలేదు, అంతే."

ఇంతమంది ఖాళీ సంచులతో వెళ్ళినా గిరాకీ ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది. కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నా షుగరు దించడంలో ముఖ్యమైన పాత్ర నా నాలుకదే అన్న మాట ఇప్పటికీ నిజమే కాబట్టి, ఆ ఘనత నా దగ్గరే ఉంచుకున్నాను. "వాడికి చెప్పకండి, నాకు తెలుసని" అన్నాను. ఇద్దరూ తల ఊపారు. ఆడవాళ్ళు తల ఊపితే దాని అర్థమేమిటో నాకు తెలుసు గానీ, అంతకంటే అడగడానికి ఓపిక లేదు.

మర్నాడు పొద్దున వాడు పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టాడు. కళ్ళ ఆపరేషన్లు అయిపోయాయి కదా, ఇక చెడగొట్టడానికి వాడికి మనసు ఒప్పలేదో, ఏం తోచలేదో, ఆ బాదం బ్రెడ్డు అద్భుతంగా ఉంది. మెత్తగా విరిగింది. వేడికి వెన్న లోపలికి ఇంకింది. అక్రోట్లు ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయి. నా జీవితంలో అంత మంచి బ్రెడ్డు, మైదాతో సహా, తిన్న గుర్తు లేదు. వాడు ఊపిరి బిగబట్టి నా మొహం వైపు చూస్తున్నాడు.

నెమ్మదిగా నమిలాను. ఇంకో ముక్క తీసుకున్నాను. పళ్ళెం ఖాళీ చేశాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాను. "రేపు మళ్ళీ చెయ్యి."

వాడి భుజాలు దిగాయి. మొహం వెలిగిపోయింది. "అలాగే అన్నయ్యా, రేపు చూస్తాను" అన్నాడు, ఎవరో వరం ఇచ్చినట్టు.

"ఆగు, ఎక్కడికి?"

"బస్తాలు సర్దాలి."

"బస్తాలు ఎక్కడికీ పోవు." ట్రేలోంచి వేడి బన్ను ఒకటి తీసి, చీల్చి, వెన్న రాసి వాడి చేతిలో పెట్టాను. నా పక్కన ఉన్న స్టూలు కిటికీ దగ్గరికి లాగాను. "ఇలా కూర్చో."

"అన్నయ్యా, నేను ఇది... నా నియమం..."

"నీ నియమం సంగతి నాకు తెలుసు. కూర్చో."

కూర్చున్నాడు. స్టూలు కిర్రుమంది. అప్పుడే పోస్ట్‌మాన్ లోపలికి వచ్చి, బాదం మాస్టరు చేతిలో బన్ను చూసి, అలవాటుగా ముందుకి చాపిన అరచెయ్యి వెనక్కి తీసుకోవాలో వద్దో తెలియక నిలబడిపోయాడు. మా వాడు ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు, బన్ను వైపు చూశాడు. చిన్న ముక్క కొరికాడు. తర్వాత ఇంకాస్త పెద్దది. నమలడం ఆపి, ఇన్నాళ్ళూ అడగకుండా ఆపుకున్నది అడిగాడు.

"పెచ్చు రంగు సరిగ్గా వస్తోందా అన్నయ్యా? నువ్వు చూసి చెప్పకపోతే నాకు సరిగ్గా తెలియడం లేదు."

"నువ్వు తిను" అన్నాను. "రంగు నేను చూస్తాను."